పడవ లేనివాడి సముద్రం

సముద్రంలో చేపలు పట్టాలంటే పడవ ఉండాలి, వల ఉండాలి, తెల్లారకముందే లేచి కెరటాలు దాటి లోపలికి పోవాలి. మనకు తెలిసిన వేట అది. మరి వంతెన పిట్టగోడకు ఆనుకుని, చేతిలో ఒక గాలపు కర్ర పట్టుకుని, కాళ్ళ దగ్గర ఎర డబ్బా పెట్టుకుని నిలబడ్డవాడికి చేప ఎందుకు పడుతుంది? అంత సముద్రం వదిలేసి అది ఈయన వేలాడదీసిన రొయ్య దగ్గరికే ఎందుకొస్తుంది? దారిన పోయేవాళ్ళు ఒక నిమిషం ఆగి చూసి, మనసులో ఇదే అనుకుని వెళ్ళిపోతారు. గాలం వేసేవాళ్ళను అడిగితే కొందరు అదృష్టం అంటారు, కొందరు ఓపిక అంటారు. నాకు మాత్రం ఇందులో అదృష్టం వాటా చాలా తక్కువ అనిపిస్తుంది.

జవాబు వెతకడానికి అమెరికాలోని ఒక పాత వంతెన దగ్గరికి వెళదాం. ఫ్లోరిడా రాష్ట్రం పడమటి ఒడ్డున టాంపా అఖాతం ఉంది. అది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసే చోట అడ్డంగా కట్టిన వంతెన పేరు సన్‌షైన్ స్కైవే. 1980 మే 9 ఉదయం గాలివానలో సమ్మిట్ వెంచర్ అనే సరుకు ఓడ దారి తప్పి ఆ వంతెన స్తంభాన్ని గుద్దింది. పైనున్న రోడ్డు కూలి, దాని మీద పోతున్న బస్సూ కార్లూ నీళ్ళలో పడి 35 మంది చనిపోయారు. 1987లో పక్కనే కొత్త వంతెన తెరిచారు. పాతదాని మధ్యభాగం తీసేసి, రెండు ఒడ్డుల నుంచి నీళ్ళలోకి పొడుచుకుని మిగిలిన ముక్కల్ని గాలం వేసేవాళ్ళకు వదిలారు. కూల్చిన కాంక్రీటు ముక్కల్ని ఆ పక్కనే అడుగున పోశారు. ఒకప్పుడు లారీలు నడిచిన రోడ్డు మీదికి కారుతో సహా వెళ్ళి, పిట్టగోడ పక్కన ఆపుకుని, డిక్కీ తెరిచి సామాను దించుకునేలా ఏర్పాటు చేశారు. టాంపా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది చదివేవాళ్ళలో కొందరు కొత్త వంతెన మీద పోతూ ఆ పాత ముక్కల్ని కిటికీలోంచి చూసే ఉంటారు.

రోడ్డుగా పనికిరాకుండా పోయిన ఆ కాంక్రీటు చేపలకు ఎందుకు పనికొచ్చింది?

సముద్రంలో ఎక్కువ భాగం ఖాళీ

చేపలు సముద్రమంతా సమానంగా పరుచుకుని ఉండవు. మైళ్ళకొద్దీ నీళ్ళలో చెప్పుకోదగ్గ చేప ఒక్కటీ ఉండకపోవచ్చు. ఒక సన్నటి గీత వెంబడి మాత్రం కిటకిటలాడుతుంటాయి. ఆ గీత సాధారణంగా ఏదో ఒక అంచు. చల్లటి నీరు వెచ్చటి నీటిని తాకే చోటు, బురదనీరు తేటనీటిని తాకే చోటు, లోతు చటుక్కున మారే చోటు. అంచు దగ్గర తిండి పోగవుతుంది, దాక్కోవడానికి వీలుంటుంది.

హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ మన తీరంలోని జాలర్లకు ఫలానా వైపు, ఫలానా దూరంలో చేపలు ఉండవచ్చని కబురు పంపుతుంటుంది. ఉపగ్రహానికి చేపలేమీ కనిపించవు. నీటి ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం ఏ గీత దగ్గర ఉన్నట్టుండి మారుతున్నాయో అది చూస్తుంది. పడవ ఉన్నవాడు డీజిల్ కాల్చుకుని ఆ గీత దగ్గరికి పోతాడు. పడవ లేనివాడికి ఆ అవకాశం లేదు. అతను ఒడ్డునే ఉన్న అంచును వెతుక్కోవాలి.

వంతెన అలాంటి అంచులను ఒకటికి మూడు తయారు చేస్తుంది. పరుగెత్తే నీటికీ నిలిచిన నీటికీ మధ్య ఒకటి. మెత్తటి బురద అడుగుకూ గట్టి కాంక్రీటుకూ మధ్య ఒకటి. రాత్రయితే వెలుగుకూ చీకటికీ మధ్య మరొకటి. వీటిలో మొదటిదే అన్నిటికీ మూలం, అందుకని దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

నిండు పోటు వేళ గాలం ఎందుకు ఊరికే ఉంటుంది

పోటు నిండుగా ఉన్నప్పుడు పోయి గాలం వెయ్యమని చాలామంది సలహా ఇస్తారు. వంతెన దగ్గర ఆ సలహా తరచు దెబ్బతింటుంది. అక్కడ చేపకు కావలసింది నీటి ఎత్తు కాదు, నీటి నడక.

ఉయ్యాలను గుర్తు తెచ్చుకోండి. బాగా పైకి పోయిన చోట అది ఒక్క క్షణం ఆగుతుంది. కిందికి దిగి మధ్యలోంచి పోయేటప్పుడే దాని వేగం అన్నిటికంటే ఎక్కువ. నీరు కూడా నిండు పోటు దగ్గర ఆగుతుంది, పూర్తిగా పాటు తీసినప్పుడు ఆగుతుంది, ఆ రెంటికీ మధ్య గంటల్లో పరుగెడుతుంది. నీరు ఆగినప్పుడు పిల్లచేపలూ రొయ్యలూ తమ ఇష్టం వచ్చిన చోటికి ఈదుకుపోగలవు. పరుగు మొదలయ్యాక వాటి ఇష్టం చెల్లదు. నీరు ఎటు ఈడిస్తే అటు పోవాలి. పెద్ద చేప ఎదురుచూసేది ఈ సమయం కోసమే. తిండి వెతుక్కుంటూ తను తిరగనక్కర్లేదు, సరైన చోట నిలబడితే తిండే దాని దగ్గరికి వస్తుంది.

ఎంత నీరు పరుగెడుతుందో ఒకసారి లెక్క వేద్దాం. టాంపా అఖాతం వైశాల్యం సుమారు 1,000 చదరపు కిలోమీటర్లు. పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా చాలా తక్కువ, అరమీటరు అనుకుందాం. అంటే ఒక్క పాటులో అఖాతం లోంచి 50 కోట్ల ఘనపు మీటర్ల నీరు బయటికి పోవాలి. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే 17 టీఎంసీల పైమాట. విజయవాడ ప్రకాశం బరాజ్‌లో నిండుగా పట్టే నీటికి ఐదు రెట్లకు పైగా. అది కొద్ది గంటల్లో అఖాతం మూతిలోంచి, వంతెన స్తంభాల మధ్య నుంచి బయటికి పోయి, మళ్ళీ పోటుకు అదే దారిన లోపలికి రావాలి. ఆ నీటితో పాటు అఖాతంలోని మడ అడవుల్లో పుట్టి పెరిగిన రొయ్యపిల్లలూ పీతలూ చిన్నచేపలూ కొట్టుకొస్తాయి.

ఉయ్యాల లెక్క అన్ని చోట్లా అచ్చంగా కుదరదని కూడా చెప్పాలి. మూతి ఇరుకుగా ఉండి లోపల అఖాతం పెద్దదైతే, బయట పోటు నిండి తిరుగుముఖం పట్టినా లోపలికి నీరు ఇంకా పోతూనే ఉంటుంది, ఎందుకంటే లోపల ఇంకా నిండలేదు. దీనికి మరీ విచిత్రమైన ఉదాహరణ ఫ్లోరిడా దక్షిణ కొసన వరుసగా ఉన్న కీస్ దీవులు. ఆ దీవులను కలుపుతూ హెన్రీ ఫ్లాగ్లర్ అనే సంపన్నుడు రైలు వంతెనలు కట్టించాడు. 1912లో మొదటి రైలు చివరి దీవి కీ వెస్ట్ చేరింది. 1935లో వచ్చిన తుఫాను ఆ రైలు దారిని దెబ్బతీస్తే, 1938 నాటికి ఆ వంతెనల మీద కారు రోడ్డు వేశారు. 1980ల్లో కొత్త వంతెనలు వచ్చాక పాతవాటిలో కొన్ని నడిచేవాళ్ళకూ గాలం వేసేవాళ్ళకూ మిగిలాయి. కీ వెస్ట్ దగ్గర పోటుపాటుల తేడా సగటున 40 సెంటీమీటర్లు, మోకాలి ఎత్తుకు కూడా రాదు. అయినా వంతెనల కింద నీరు ఏరులా పారుతుంది. దీవులకు ఒక పక్క అట్లాంటిక్, రెండో పక్క గల్ఫ్. రెండు పక్కలా పోటు ఒకే వేళకు రాదు, ఒకే ఎత్తున రాదు. ఎప్పుడూ ఒక పక్క మట్టం రెండో పక్క కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి నీరు దీవుల మధ్య సందుల్లోంచి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దొర్లుతూనే ఉంటుంది. నీటి పరుగు పోటు ఎత్తును బట్టి ఉంటుందనుకునేవాళ్ళు అక్కడికి పోతే అయోమయంలో పడతారు. పరుగు రెండు మట్టాల మధ్య తేడాను బట్టి ఉంటుంది.

బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మనకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రుల లాగుడు ఒకే వరుసలో పడి పోటు పెద్దదవుతుంది, అష్టమి ప్రాంతంలో చిన్నదవుతుంది. కాకినాడలోనో విశాఖలోనో ఒక పున్నమి నాడు పోటు ఎన్నింటికి నిండిందో చూసిపెట్టుకుంటే, అక్కడి నుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు కలుపుకుంటూ పోవచ్చు. తిథి తెలిస్తే పోటు వేళ ఉజ్జాయింపుగా తెలిసినట్టే. టాంపాలో ఇంటి గోడకు వెంకట్రామా వారి క్యాలెండర్ వేలాడుతున్నా ఈ లెక్క పనికిరాదు. గల్ఫ్ ఆకారమూ లోతూ ఎలాంటివంటే అది రోజుకు రెండుసార్లు వచ్చే తోపుడుకు సరిగా స్పందించదు, రోజుకు ఒకసారి వచ్చేదానికే ఎక్కువ ఊగుతుంది. అందువల్ల అక్కడ కొన్ని రోజులు రెండు పోట్లు, కొన్ని రోజులు ఒకటే పోటు. చంద్రుడు ఆకాశంలో ఉత్తరానికో దక్షిణానికో ఎంత జరిగి ఉన్నాడన్నది తిథితో సమానంగా లెక్కలోకి వస్తుంది. అక్కడివాళ్ళు ప్రభుత్వం ఇచ్చే పోటు లెక్కలు చూసుకోవలసిందే.

స్తంభం చాటున

పరుగెత్తే నీరు స్తంభాన్ని గుద్దుకున్నప్పుడు ఏమవుతుందో వంతెన మీంచి వంగి చూస్తే కనిపిస్తుంది. ముందు వైపు నీరు కొద్దిగా ఉబ్బి రెండుగా చీలుతుంది. పక్కల నుంచి జోరుగా జారుతుంది. వెనక మాత్రం నీరు ముందుకు పోదు. ఎడమ నుంచి ఒక సుడి, కుడి నుంచి ఒక సుడి, మళ్ళీ ఎడమ నుంచి, ఇలా వంతులవారీగా విడిపోతూ వరుసగా కొట్టుకుపోతుంటాయి. గాలిలోనైనా నీటిలోనైనా అడ్డం ఉన్న చోట ఇదే జరుగుతుంది. థియోడర్ ఫాన్ కార్మాన్ అనే శాస్త్రవేత్త 1911-12 ప్రాంతంలో దీన్ని వివరించాడు కాబట్టి కార్మాన్ సుడుల వరుస అంటారు.

ఈదడంలో ఖర్చు వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది. రెట్టింపు వేగంతో పోవాలంటే చేప కండరాలు సుమారు ఎనిమిది రెట్లు పనిచేయాలి. నీటికి ఎదురీదుతూ రోజంతా నిలబడే చేపకు తిన్నదంతా ఈదడానికే సరిపోతుంది. స్తంభం చాటున ఆ ఖర్చు లేదు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. శాస్త్రవేత్తలు చూసినది ఊహకు కాస్త అవతల ఉంది. 2003లో జేమ్స్ లియావో, ఆయన సహచరులు ఒక కాలువలాంటి తొట్టెలో అడ్డంగా స్తంభం పెట్టి, దాని వెనక ట్రౌట్ చేపల్ని వదిలి, వాటి కండరాల కదలికను కొలిచారు. చేప సుడులను తప్పించుకోవడానికి తంటాలు పడలేదు. వాటి మధ్య నుంచి ఒళ్ళు మెలికలు తిప్పుకుంటూ నిలబడింది. ఒంటి పొడవునా పనిచేయాల్సిన కండరాల్లో చాలావరకు ఊరికే ఉన్నాయి, తలవైపువి మాత్రమే పనిచేశాయి. 2006లో ఇంకో బృందం చచ్చిన ట్రౌట్‌ను అలాంటి సుడుల మధ్య పెట్టి చూస్తే, ఆ శవం కూడా నీటికి ఎదురుగా ముందుకు జరిగింది. సుడుల్లో ఉన్న బలాన్ని వంగే శరీరమే అందిపుచ్చుకోగలదు. ట్రౌట్ మంచినీటి చేపే గానీ, స్తంభం వెనక సుడులు ఉప్పునీటిలోనూ ఇలాగే పుడతాయి.

వంతెన మీద గాలం వేసేవాడికి దీనివల్ల తెలిసేది ఏమిటంటే, చేప అతని కాళ్ళ కిందే ఉంటుంది. కొత్తగా గాలం పట్టినవాళ్ళు అంత దూరం నడిచి నీళ్ళ మధ్యకు వచ్చి, అక్కడి నుంచి మళ్ళీ వీలైనంత దూరం విసురుతారు. నాకు ఎప్పుడూ వింతగా అనిపించే దృశ్యం అది. దూరంలో ఉన్నది బురద అడుగు. తెలిసినవాళ్ళు నీరు వచ్చే దిక్కున నాలుగైదు మీటర్ల ముందు ఎర దించి, నీటితో పాటు దాన్ని స్తంభం పక్కకు రానిస్తారు. చేపలు నీటికి ఎదురు ముఖం పెట్టి నిలుస్తాయి కాబట్టి తిండి ఎప్పుడూ ఎదురుగానే రావాలి. వెనక నుంచి నీటికి ఎదురుగా జరుగుతూ వచ్చే రొయ్యను చూస్తే చేప నమ్మదు.

దారం లావు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. నీరు దారాన్ని పొడవునా తోస్తుంది. లావు రెట్టింపైతే తోపుడు రెట్టింపవుతుంది, దారం విల్లులా వంగిపోతుంది, దాన్ని అడుగున ఉంచడానికి ఇంకా బరువైన సీసం గుండు కట్టాలి, బరువు పెరిగినకొద్దీ చేప ముట్టుకున్నది చేతికి తెలియదు. అందుకే ఇప్పుడు చాలామంది మామూలు టంగుసు బదులు సన్నటి పోగులు అల్లిన దారం చుట్టుకుంటున్నారు. అంతే బలానికి అది చాలా సన్నగా ఉంటుంది. అయితే స్తంభాలకు పట్టిన గుల్లలకు ఒరుసుకుంటే అల్లిక దారం ఇట్టే తెగుతుంది కాబట్టి కొక్కెం దగ్గర ఒక మీటరు మేర లావుపాటి టంగుసు ముడివేస్తారు.

గుల్లలు కట్టిన గోడ

ఉప్పునీటిలో ఏ గట్టి వస్తువును ముంచినా కొద్ది వారాల్లో దాని మీద ప్రాణం మొలుస్తుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవల అడుగున గోకేదీ, జెట్టీ స్తంభాలకు గరుకుగా పట్టేదీ ఎక్కువభాగం బార్నకిల్. చూడటానికి నత్తగుల్లలా ఉంటుంది గానీ అది రొయ్యకూ పీతకూ చుట్టం. పిల్లగా నీటిలో తేలుతూ తిరిగి, నచ్చిన చోటు దొరకగానే తల ఆనించి జిగురుతో అతుక్కుపోతుంది. ఆ తర్వాత చుట్టూ సున్నపు పలకలు కట్టుకుని, బతికినన్నాళ్ళూ తలకిందులుగా ఉండి, కాళ్ళతో నీటిని చిలికి తిండి లాక్కుంటుంది. చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఎనిమిదేళ్ళు వీటిని పరిశీలించడంలోనే గడిపాడు. నీరు పరుగెత్తే చోట వీటికి తిండి వెతుక్కునే పనే లేదు, కాబట్టి వంతెన స్తంభాలకు దట్టంగా పడతాయి. వాటి కింద వరసలో ఆల్చిప్పలు, వాటి సందుల్లో చిన్న పీతలు, పురుగులు, రొయ్యలు. మెత్తటి బురద అడుగున్న అఖాతంలో నిలువునా లేచిన తిండిగోడ ఇది.

ఆ గోడను మేయడానికే పుట్టినట్టుండే చేప షీప్స్‌హెడ్. వెండి ఒంటి మీద నిలువు నల్లచారలు. నోరు తెరిస్తే మాత్రం చూసినవాళ్ళు ఉలిక్కిపడతారు: ముందు వరసలో అచ్చం మనిషి పళ్ళలాంటి చదును పళ్ళు, లోపల దవడ నిండా గుండ్రటి దంతాలు. ముందు పళ్ళతో గుల్లను స్తంభం నుంచి ఊడబెరికి, లోపలి దంతాలతో నలిపి, పెంకు ఉమ్మేస్తుంది. చలికాలం చివర, వసంతం మొదట్లో గుడ్లు పెట్టే వేళకు ఇవి వంతెనల దగ్గర గుంపు కడతాయి.

దీన్ని పట్టడం ఓ విద్య. ఎరగా ఒక డెక్క పెద్దగా ఉండే చిన్న బురదపీతను వాడతారు, మన కోరంగి మడ అడవుల్లో పాటు తీసిన బురద మీద గుంపులుగా తిరిగే పీతల్లాంటిదే. చిన్న కొక్కేనికి గుచ్చి, స్తంభానికి జానెడు దూరంలో, దాదాపు గోడను రాసుకుంటూ దించుతారు. షీప్స్‌హెడ్ ఎరను లాక్కుపోదు. ఉన్నచోటే నోట్లో పెట్టుకుని, నలిపి, రుచి చూసి, నచ్చనిది ఉమ్ముతుంది. కర్ర చివర ఊగదు. దారం మీద వేలు ఆనించి ఉంచితే ఒక చిన్న బరువు పెరిగినట్టో, ఉన్న బరువు తగ్గినట్టో తెలుస్తుంది, అంతే. అప్పుడు లాగితే లాగినట్టు. చేప కొరికింది అని మనం అనుకునేసరికి పీత లోపలి కండ పోయి పెంకు మాత్రం కొక్కేనికి వేలాడుతుంటుంది. స్కైవే లాంటి చోట్ల ఒక పూటకు పీతలు గిన్నెడు ఖర్చయి చేప ఒక్కటీ రాకపోవడం మామూలే.

ఇదే వంతెన దగ్గరికి గోడతో సంబంధం లేని చేపలూ వస్తాయి. మన వంజరానికి దాయాదులైన స్పానిష్ మాకెరెల్, కింగ్ మాకెరెల్ వసంతంలోనూ శరత్తులోనూ చిన్నచేపల మందలను తరుముకుంటూ పైనీటిలో పోతుంటాయి. వాటికి నీడా చాటూ అక్కర్లేదు, నీటి వెచ్చదనం కుదిరితే చాలు. బ్లేడు లాంటి పళ్ళు కాబట్టి కొక్కేనికి పైన జానెడు ఉక్కుతీగ కట్టకపోతే దారం మిగలదు.

దీపం వెలుగు పక్కనున్న చీకటి

పగలు వేసినవాళ్ళకంటే రాత్రి వేసినవాళ్ళు ఎక్కువ మాట్లాడుకునే చేప స్నూక్. మన పండుగప్పకు దగ్గరి పోలిక: అదే కోణపు మూతి, అదే ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, పుట్టుక ఉప్పునీటిలో, పెరుగుదల మడ అడవుల్లో, ఏటి మొగల్లో. దాని ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సిరాతో గీసినట్టు ఒక నల్లగీత ఉంటుంది. చాలా చేపలకు ఉండే పక్కగీతే అది, స్నూక్‌లో నల్లగా కనిపిస్తుంది. నీటిలో కలిగే చిన్న కదలికను కూడా ఆ గీత వెంబడి ఉన్న సన్నటి గుంటలు పసిగడతాయి. చీకట్లో వేటాడేదానికి అది రెండో చూపు.

వంతెన దీపం నీటి మీద పడ్డప్పుడు, వంతెన అంచు తన నీడను కూడా అక్కడే వేస్తుంది. వెలుగు ఉన్న చోటికి సూక్ష్మజీవులు, వాటి కోసం రొయ్యలు, వాటి కోసం చిన్నచేపలు చేరతాయి. స్నూక్ వెలుగులోకి రాదు. నీడ గీతకు మూరెడు లోపల, చీకటి వైపు, నీటికి ఎదురుగా ముఖం పెట్టి కదలకుండా నిలుస్తుంది. జీన్ హెల్ఫ్‌మన్ అనే చేపల శాస్త్రవేత్త 1981లో ఈ అలవాటు వెనక లాభాన్ని వివరించాడు. నీడలో ఉన్న కంట్లోకి పక్కల నుంచి చెదిరిన వెలుగు పడదు, కాబట్టి అది వెలుగులో ఉన్నదాన్ని చాలా దూరం నుంచి స్పష్టంగా చూస్తుంది. వెలుగులో ఉన్నదానికి మాత్రం చీకట్లో ఉన్నది దగ్గరకొచ్చినా కనిపించదు. ఒకరు చూడగలరు, ఇంకొకరు చూడలేరు. వేట మొత్తం ఆ తేడా మీద నడుస్తుంది.

నీటితో కొట్టుకొచ్చే రొయ్య వెలుగులోంచి నీడ గీత దాటే క్షణంలో కింద ఒక తళుకు, పైన టప్పుమని చప్పుడు. నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా రొయ్యను లోపలికి పీల్చుకున్న శబ్దం అది. ఆ తర్వాత నీటి మీద ఒక గుండ్రటి అల తప్ప ఏమీ ఉండదు. బతికున్న రొయ్యను కొక్కేనికి గుచ్చి వెలుగు మధ్యలో వదిలి కూర్చుంటే పని జరగదు. అది వెలుగులోంచి చీకటిలోకి నీటి వేగంతోనే దాటాలి. దారం బిగిస్తే రొయ్య ఆగిపోతుంది, మరీ వదులు చేస్తే చేప పట్టింది తెలియదు.

వంతెన లేని చోట

ఇసుక ఒడ్డు చూడటానికి అంతా ఒకేలా ఉంటుంది. కెరటాలు మాత్రం అడుగు ఎలా ఉందో చెప్పేస్తాయి. కెరటం ఎత్తుకు ఇంచుమించు ఒకటింబావు రెట్లు లోతున్న చోటికి రాగానే అది తిరగబడి విరుగుతుంది. అంటే మీటరు కెరటం విరిగిన చోట లోతు ఒకటింబావు మీటరు. ఒడ్డుకు దూరంగా ఒక తెల్లటి నురుగు వరస, దాని తర్వాత కెరటాలు విరగని నల్లటి పట్టీ, మళ్ళీ ఒడ్డున నురుగు కనిపిస్తే, ఆ తెల్లవరస కింద ఇసుక మెట్ట ఉందనీ, నల్లపట్టీ కింద కాలువ ఉందనీ అర్థం. కెరటాలు ఇసుకలోంచి తవ్విన పురుగులూ పీతలూ ఆ కాలువలో పోగవుతాయి, చేపలు దాని వెంబడే నడుస్తాయి. నడుము లోతు దిగి దూరంగా విసిరేవాడు చాలాసార్లు చేపల దారిలో తనే నిలబడి ఉంటాడు.

మెట్టకు ఎక్కడో ఒకచోట గండి ఉంటుంది. ఒడ్డుకు వచ్చిన నీరంతా ఆ గండిలోంచి వెనక్కి పోవాలి. అక్కడ కెరటాలు విరగవు, నీరు నున్నగా, మట్టిరంగులో, నురుగును లోపలికి మోసుకుపోతూ కనిపిస్తుంది. గాలానికి అది మంచి చోటు. మనిషికి మాత్రం ఒడ్డంతటిలోకీ చెడ్డ చోటు. విశాఖ బీచ్‌లలో ప్రశాంతంగా ఉందని జనం దిగి కొట్టుకుపోయేది తరచు ఇలాంటి చోటే. పొడినేల మీద నిలబడి గాలం వెయ్యాలి. ఎప్పుడైనా ఆ లాగుడులో పడితే ఒడ్డు వైపు ఈదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే గండి వెడల్పు దాటాక లాగుడు ఉండదు.

పైకి తేవడం

వంతెన మీది నుంచి పెద్ద చేపను అలసగొట్టి నీటిమట్టానికి తెచ్చినా సగం పనే అయింది. చేప కడుపులోని గాలితిత్తి దాని బరువును నీటికి సరితూగేలా ఉంచుతుంది, కాబట్టి నీళ్ళలో ఐదు కిలోల చేప తూకం లేనట్టే ఉంటుంది; కర్ర వంగేదంతా అది పెనుగులాడే బలానికి. నీటిని వదిలిన క్షణంలో ఐదు కిలోలూ దారం మీద పడతాయి. పైగా గాలిలో తోక కొడితే ఆ కుదుపు ఇంకా ఎక్కువ. ఐదు కిలోలు ఆగే దారం అక్కడే తెగుతుంది. అందుకే తాడు కట్టిన గుండ్రటి వలను కిందికి దించి, చేపను అందులోకి నడిపించి, వలతో పాటు చేదుకుంటారు. ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు తాడు పట్టుకోవాలి. ముక్కూముఖం తెలియనివాళ్ళు కూడా పక్కవాడికి చేప పడగానే వల తీసుకుని పరుగెత్తుతారు. వంతెన మీద స్నేహాలు ఎక్కువగా అలాగే మొదలవుతాయి.

పైకి వచ్చిన స్నూక్‌ను వెంటనే కొలవాలి. ఫ్లోరిడా గల్ఫ్ తీరంలో 28 అంగుళాల కంటే తక్కువున్నదీ, 33 అంగుళాల కంటే ఎక్కువున్నదీ వెనక్కి వదలాల్సిందే. చిన్నదాన్ని వదలడం ఎవరికైనా అర్థమవుతుంది. పెద్దదాన్ని వదలమనడానికి కారణం, స్నూక్ కూడా పండుగప్ప లాగే మగచేపగా జీవితం మొదలుపెట్టి, ఎదిగాక ఆడచేపగా మారుతుంది. కాబట్టి పెద్దచేపల్లో చాలావరకు గుడ్లు పెట్టే తల్లులే. ఇది చలికి తట్టుకోలేని చేప కూడా. 2010 జనవరిలో నీరు విపరీతంగా చల్లబడి లెక్కలేనన్ని చచ్చాయి. గల్ఫ్ వైపు వాటిని ఉంచుకోవడానికి 2013 దాకా అనుమతి ఇవ్వలేదు.

పైకి తేవలసినవి ఒక్కోసారి చేపలొక్కటే కాదు. పెలికాన్ పక్షుల సంగతి వేరు. చేపలు ఎక్కడుంటాయో మనకంటే వాటికే బాగా తెలుసు, అందుకే గాలాల మధ్యకే వస్తాయి, కొక్కేలకు చిక్కుకుంటాయి. స్కైవే పాత వంతెన మీద ఇది మరీ ఎక్కువై 2023లో అక్కడ కొత్త నియమాలు పెట్టారు. పెలికాన్లు ఎక్కువగా ఉండే చలికాలపు నెలల్లో ఒకే దారానికి చాలా కొక్కేలు కట్టిన గాలాలు వాడకూడదు. పక్షి చిక్కితే కంగారులో దారం తెంపేయడం చాలామంది చేసే పని. తెగిన దారంతో అది ఎగిరిపోయి మడ చెట్ల మీద వాలుతుంది. అక్కడ దారం కొమ్మకు చుట్టుకుంటే ఇక లేవలేదు. నెమ్మదిగా దగ్గరికి చుట్టుకుని, దించిన వలతోనే పైకి తెచ్చి, తల మీద తువ్వాలు కప్పితే అది పెనుగులాట ఆపుతుంది. ముక్కు మూసి పట్టుకోవాలి గానీ మధ్యలో వేలు పెట్టి కొద్దిగా సందు ఉంచాలి, ఊపిరి నోటి గుండా తీసుకుంటుంది కాబట్టి. కొక్కెం ములికిని శ్రావణంతో తుంచి, మిగిలినదాన్ని వెనక్కి లాగి, దారం ముక్క ఒక్కటీ ఒంటికి మిగల్లేదని రెక్కల కింద కూడా చూసి వదలాలి.